రక్తం తీసే గదిలో ఏం చూడాలి: కొత్తపేటలో మేం వెళ్లే ల్యాబు

ఆసుపత్రులూ ల్యాబులూ ఒకదానినొకటి ఆనుకుని ఉండే గుంటూరు కొత్తపేటలో, మా అమ్మగారి షుగరు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షల కోసం రెండేళ్లుగా ఒకే ల్యాబుకు వెళ్తున్నాం. ఒకప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి కనుక, ఏసీ చల్లదనం కంటే, రిపోర్టు వాట్సాప్‌లో ఎంత త్వరగా వచ్చిందన్నదాని కంటే, రక్తం తీసే చేతుల మీదే నా దృష్టి ఉంటుంది.

ఆ చేతులు ఇక్కడ శిక్షణ పొందినవే. "మీరు ఫలానా గారే కదండీ" అని అడగకుండా, "మీ పేరు, వయసు మీరే చెప్పండమ్మా" అంటారు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు దేనికైనా తల ఊపేస్తారు కాబట్టి ఈ చిన్న తేడా చాలా ముఖ్యం. ప్రతి మనిషికీ గ్లవ్స్ మారుస్తారు. మోచేతి పైన కట్టిన రబ్బరు పట్టీని నిమిషంలోపే వదిలేస్తారు, పిడికిలి పదేపదే బిగించి విప్పమనరు. అలా చేయిస్తే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. రక్తం తీశాక, మనిషి కుర్చీలోంచి లేవకముందే, ఎదురుగానే ట్యూబులకు లేబుళ్లు అంటిస్తారు.

ట్యూబులు నింపే వరుసను కూడా గమనించాను. ఎర్ర మూత లేదా పసుపు మూత ట్యూబు ముందు, ఊదా మూతది తర్వాత, షుగరుకు వాడే బూడిద రంగు మూతది చివర. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందు పొటాషియం లవణం రూపంలో ఉంటుంది. వరుస తారుమారై ఆ మందు కొద్దిగా ఎర్ర మూత ట్యూబులోకి చేరినా, పొటాషియం పెరిగినట్టూ కాల్షియం పడిపోయినట్టూ రిపోర్టు వస్తుంది. కిడ్నీ జబ్బున్న మనిషి విషయంలో అలాంటి అంకె చూసిన డాక్టరు కంగారు పడకుండా ఎలా ఉంటారు?

ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే సేవ మాత్రం ఈ స్థాయిలో లేదు. ఒకసారి ఉదయం 7 గంటలకు తీసిన రక్తం ఐస్ ప్యాక్‌కు నేరుగా తగులుతూ మూడున్నర గంటల తర్వాత ల్యాబుకు చేరింది. సీరం (గడ్డకట్టాక పైకి తేలే ద్రవభాగం) వేరు చేయని రక్తం అంతసేపు చల్లగా ఉంటే కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది. పొటాషియం ఎక్కువగా, 5.9 అని వచ్చిన ఆ ఫలితాన్ని వారు అలాగే పంపకుండా, ఫోన్ చేసి మళ్లీ నమూనా ఇమ్మన్నారు, రెండోసారి 4.6 వచ్చింది. డబ్బు అడగలేదు. తప్పు చేసినా పట్టుకోగలిగారన్నది వారికి దక్కవలసిన మంచిమాటే, కానీ అప్పటినుంచి అమ్మను మేమే తీసుకెళ్తున్నాం.

గోడమీద, ల్యాబుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ పత్రం ఉంది. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాక జాబితాలోని పరీక్షలకే వర్తిస్తుంది; జాబితాలో లేని పరీక్షల పక్కన ఈ ల్యాబు రిపోర్టులో నక్షత్రం గుర్తు వేస్తుంది. ధరలు పక్కవాటికంటే కాస్త ఎక్కువే.

నన్ను ఇబ్బంది పెట్టినది సూదుల వ్యవహారం. సూదులు వేసే తెల్లని డబ్బా మూడొంతుల గీత దాటి నిండిపోయి ఉండటంతో, రక్తం తీసే అమ్మాయి వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టబోయింది. సూది గుచ్చుకునేది సరిగ్గా అక్కడే. హెపటైటిస్-బి టీకా వేయించుకున్నావా అమ్మా అని అడిగితే, చేరినప్పుడే ల్యాబువారు మూడు డోసులూ వేయించారని చెప్పింది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అది యాజమాన్యం బాధ్యత. ఆ మేరకు నెరవేర్చారు. అయితే అవే నిబంధనలు రక్తం అంటిన దూదిని పసుపు సంచిలో వేయమంటాయి. ఇక్కడ మాత్రం మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ బయటికి వచ్చినవాళ్లు, హాల్లో టీ కప్పుల బుట్టలోనే దాన్ని పడేస్తున్నారు.

ఈ రెండు సంగతులూ కౌంటరులో చెప్పి, సలహాల పుస్తకంలోనూ రాశాను. పోయిన నెల వెళ్లినప్పుడు తలుపు పక్కనే కొత్త పసుపు డబ్బా కనిపించింది. సూదుల డబ్బా మాత్రం మళ్లీ గీత దాకా నిండే ఉంది.