కాళ్ళు నేలకందే బండి: రెండేళ్ళు, 21 వేల కిలోమీటర్ల తర్వాత

2023 దసరాకి కొన్నాను. 350 సీసీ బండి, బరువు 180 కిలోల పైమాటే. కంపెనీ పేరు రాయను, అప్పుడే మొహమాటం లేకుండా తిట్టగలను. అంతకుముందు నేను నడిపింది స్కూటీ ఒక్కటే. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం.

మొదట వెళ్ళిన షోరూములో "స్కూటీలు ఆ పక్కన ఉంటాయి మేడమ్" అన్నాడు సేల్స్ కుర్రాడు. బైక్ నాకే అని చెప్పినా మైలేజీ, ఈఎంఐ వివరాలన్నీ మా తమ్ముడికే చెప్పాడు. వాడికి లైసెన్సే లేదు.

ఆ ఏడాది జూలైలోనే విదేశీ కంపెనీలు కూడా, హీరోతో కలిసి హార్లీ, బజాజ్‌తో కలిసి ట్రయంఫ్, రెండున్నర లక్షల లోపు షోరూమ్ ధరతో కొత్త బళ్ళు దింపాయి. అవీ చూసొచ్చాను. ముచ్చటేసింది గానీ మొదటి బండికి అంత జోరు ఎందుకనిపించింది.

ఇంకో షోరూములో ఒక పెద్దాయన మాత్రం తాళం ఇవ్వలేదు. "ముందు ఎక్కి కూచోమ్మా. కాళ్ళు కిందపెట్టి వెనక్కి నెట్టి చూడు" అన్నాడు. సీటు ఎత్తు 800 మి.మీ. లోపే కాబట్టి పాదాల ముందు సగం నేలకి ఆనింది. పది నిమిషాలు అలా ముందుకీ వెనక్కీ నెట్టాక, టెస్ట్ రైడ్ చేయకుండానే అడ్వాన్స్ కట్టేశాను. మా నాన్న తిట్టారు, అది వేరే సంగతి.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి మైండ్‌స్పేస్ ఆఫీసుల దాకా రోజూ ఇదే బండి. తక్కువ ఆర్‌పీఎం దగ్గరే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే, దానికి లాగే బలం ఉంది. అందుకే మొదటి నెలలో క్లచ్ అడ్డదిడ్డంగా వదిలినా సిగ్నల్ దగ్గర బండి ఎక్కువగా ఆగిపోలేదు. వెనకాల క్యాబ్ హారన్ మోగుతుంటే అదెంత పెద్ద విషయమో కొత్తగా నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. క్లచ్ మాత్రం గట్టి. సాయంత్రం ట్రాఫిక్‌లో గంట గడిచేసరికి ఎడమ మణికట్టు పట్టేస్తుంది. వెనక సస్పెన్షన్ కూడా అంతే, ప్రతి స్పీడ్‌బ్రేకర్ లెక్కా నడుముకి తెలుస్తుంది. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ విలువ ఒక వానాకాలం సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర తెలిసింది. ముందు ఆటో టక్కున ఆగితే బ్రేకు బలంగా నొక్కేశాను. తడి రోడ్డు మీద కూడా చక్రం జారలేదు.

"యూత్ కోసం" అని గొప్పగా చెప్పిన నావిగేషన్ స్క్రీన్ మొదటి వారం వాడాను. తర్వాత ఫోన్ హోల్డరే దిక్కయింది. కంపెనీలు ఆ స్క్రీన్ ఖర్చు తగ్గించి, బండితోపాటు రెండు ఆదివారాలు ఖాళీ గ్రౌండులో నేర్పిస్తే నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది కొంటారు. నాకు నేర్పింది యూట్యూబూ, మా అపార్ట్‌మెంట్ సెల్లారూ.

డబ్బు విషయంలోనూ కొత్తవాళ్ళకి ముందే లెక్క చెప్పరు. లైఫ్ ట్యాక్స్, ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలిశాక బోర్డు మీద ధర ఒకటి, బిల్లు మీద ఇంకొకటి. హెల్మెట్, జాకెట్, గ్లౌజులకి ఇంకో 11 వేలు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నేను కొని రెండేళ్ళు కావస్తుంటే! నా రాత.

సర్వీసు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఫ్రీ సర్వీసులు అయిపోగానే అడగని పనులకి బిల్లు వేశారు. ఇప్పుడు వీధి చివర మెకానిక్ అన్న దగ్గరే. మైలేజీ సిటీలో 33, 34 వస్తోంది.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి వికారాబాద్ దగ్గరున్న అనంతగిరికి చేవెళ్ళ మీదుగానే వెళ్తాను. మర్రిచెట్ల నీడలో 70, 80 స్పీడులో ఈ బండి అసలు గుణం బయటపడుతుంది. గొణగదు, అదరదు. నెల మొత్తం మణికట్టు నొప్పి ఆ ఒక్క పొద్దున మర్చిపోతాను.

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి పిన్ని కూతురు వచ్చింది. పందొమ్మిదేళ్ళు, తనకీ బైకే కావాలట. తాళం ఇవ్వకుండా, సెల్లార్లో బండెక్కించి వెనక్కి నెట్టమన్నాను. స్తంభం దాకా తెచ్చి, ఆయాసపడుతూ, "ఉండక్కా, ఇంకోసారి" అంది.