డిగ్రీ చదివే బిడ్డతో హైదరాబాద్‌లో ఒక్కరోజు: పాతబస్తీయా, గోల్కొండా, హైటెక్ సిటీయా?

ఇంజినీరింగో డిగ్రీయో చదువుతున్న కొడుకునో కూతురినో వెంటబెట్టుకొని ఒక్కరోజు హైదరాబాద్ పోయి రావాలనుకుంటున్నాం, ఎక్కడికి పోతే బాగుంటుందన్న ప్రశ్న సెలవులు దగ్గరపడిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగేవారు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు వారే కాబట్టి చార్మినార్ ఏమిటో, గోల్కొండ ఎక్కడుందో వారికి చెప్పనవసరం లేదు. వైద్యానికో, పెళ్లి బట్టలకో, సర్టిఫికెట్ల పనికో నగరం చూసి వచ్చినవారే అందరూ. వారికి తేలనిదల్లా, పని ఏదీ పెట్టుకోకుండా పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే రోజును ఎక్కడ గడపాలన్నదే. ఈ మధ్య డిగ్రీ చదువుతున్న మా అమ్మాయితో వెళ్లేటప్పుడు నేనూ ఈ లెక్కలన్నీ వేసుకున్నాను కనుక, అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సమయం సంగతి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బస్సులో రానూపోనూ అయిదారు గంటలు దారికే పోతాయి. తెల్లవారి ఆరింటికి బయలుదేరినవారికి నగరంలో నికరంగా మిగిలేది తొమ్మిది గంటలు. అందులో టిఫిను, భోజనం, టీలు, నాలుగు నిమిషాలు ఎక్కడో కూలబడటం తీసేస్తే, ఏడు గంటలు చేతికి వస్తే గొప్ప. ఆ ఏడు గంటల్లో మూడు చోట్లు చూడాలని పట్టిక వేసుకుంటే, ఒక్కో చోటికి మారడానికి ముప్పావుగంట తక్కువ కాకుండా పడుతుంది. చూసింది కన్నా ఆటోలో కూర్చున్నదే ఎక్కువైన రోజులు అట్లాగే తయారవుతాయి.

ఈ కారణంగానే, ఏ చోటులో ఎన్ని వింతలున్నాయన్నది నా దృష్టిలో రెండో విషయం. బస్సు దిగిన తరువాత మళ్లీ వాహనం ఎక్కకుండా ఎంతసేపు నడవగలమన్నది మొదటిది. ఇరవై ఏళ్ల పిల్లలు ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ‘ఆ’, ‘సరే’, ‘బానే ఉంది’ అన్న మూడు మాటలు దాటరు. అదే పిల్లలు పక్కపక్కన నడుస్తూ, ముందున్న దుకాణాన్నో దారినపోయే బండినో చూస్తూ ఉన్నప్పుడు, అడగకుండానే కాలేజీ సంగతి, స్నేహితుల సంగతి, వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నారన్న సంగతి చెప్పేస్తారు. ఎదుటివారి ముఖం చూడవలసిన అవసరం లేకపోవడమే దీనికి కారణమని నాకు అనిపిస్తుంది. ఆటో బుక్ చేయడానికి ఫోను చేతిలోకి వచ్చిందంటే మాత్రం ఆ మాట అక్కడే తెగుతుంది. ఫోను ఒకసారి బయటికి వచ్చాక తొందరగా లోపలికి పోదు.

ఈ కొలతతో చూస్తే హైటెక్ సిటీ వైపు అన్నిటికన్నా వెనకబడుతుంది. పిల్లలు మొదట అడిగేది దాన్నే అయినా సరే. మెట్రో ప్రయాణం హాయిగానే ఉంటుంది: మన బస్సులు చేరే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్)లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగవచ్చు, నగరాన్ని పైనుంచి చూడటమే ఒక సరదా. 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన సాయంత్రం దీపాలతో అందంగా ఉంటుంది. కంప్యూటర్ చదువులవారికి రేపు తాము ఉద్యోగం చేయబోయే చోటు ఇదేనన్న కుతూహలం ఉంటుంది. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే మాల్‌లోకి వెళ్లిన తరువాత పిల్లలు ఒక దుకాణంలో, పెద్దవారు బయట బల్ల మీద. సినిమాకు వెళ్తే మూడు గంటలు చీకట్లో మౌనం. బయటి రోడ్లు కార్ల కోసం వేసినవి గనుక, అక్కడ నడవాలనుకున్నా ఒక చోటు నుంచి ఇంకో చోటికి నడిచే దారి సరిగా ఉండదు. ఇక హైదరాబాద్‌లోనే హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు ఇదంతా వారం వారం చూసేదే; వారిని అక్కడికి తీసుకుపోవడం వారి ఇంటికి వారినే చుట్టాలుగా పిలిచినట్టు ఉంటుంది. మే నెల ఎండల్లో తప్ప దీన్ని మొదటి ఎంపికగా నేను చెప్పను.

గోల్కొండ అట్లా తీసివేయదగినది కాదు. నిజానికి పాతబస్తీకి గట్టి పోటీ అదే. కోటలోకి వెళ్లిన తరువాత వాహనంతో పనే లేదు. ముఖద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ కొసనున్న బాలాహిసార్ దాకా వినిపించే ఏర్పాటును ఫిజిక్స్ చదివినవారు ఊరికే వదలరు. కింద ఒకరు, పైన ఒకరు నిలబడి పరీక్ష చేస్తేగాని తృప్తి ఉండదు. భద్రాచలం గుడి కోసం ఖజానా సొమ్ము వాడి తానీషా చెరలో పడిన కంచర్ల గోపన్నను ఉంచారని చెప్పే చీకటి గది ముందు మన పిల్లలు తప్పకుండా ఆగుతారు. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించి తీసుకున్న కోట ఇదని చెప్పి, ఆ గోడల మందం చూపిస్తే, అన్ని నెలలు ఎందుకు పట్టిందో వేరే చెప్పవలసిన పని ఉండదు. ఓపిక మిగిలినవారు కుతుబ్‌షాహీ సమాధులూ చూడవచ్చు. ఇటీవల మరమ్మతు చేసిన గుమ్మటాలు, మెట్లబావులు నీడలో కూర్చోవడానికి అనువుగా ఉన్నాయి.

ఇంత ఉన్నా గోల్కొండను నేను రెండో స్థానంలో ఉంచడానికి కారణాలున్నాయి. ఎంజీబీఎస్ నుంచి అక్కడికి నగరం అడ్డంగా దాటాలి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, రెండు పెద్ద ప్రయాణాలు. పైగా బాలాహిసార్ దాకా మూడు వందలకు పైగా మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు పిల్లలు ముందు పోతారు, మనం ఆయాసపడుతూ వెనక పోతాం, మాట రాదు. మోకాళ్ల నొప్పులున్న తల్లి వెంట ఉంటే ఆమె కింద నీడలో కూర్చుండిపోతుంది, ముగ్గురు కలిసి వెళ్లిన రోజు రెండు ముక్కలవుతుంది. అన్నిటికీ మించి మన జిల్లాల్లో చాలామంది పిల్లలు బడి విహారయాత్రలో దాన్ని చూసే ఉంటారు. మా అమ్మాయి ముందే తేల్చి చెప్పింది: “గోల్కొండ మళ్ల ఎందుకు నాన్నా, స్కూల్ల ఉన్నప్పుడే తీస్కపోయిండ్రు గద.”

పాతబస్తీకి ఉన్న పెద్ద అనుకూలత, మన బస్సు ఆగేదే దాని గడప దగ్గర కావడం. నల్లగొండ బస్సు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, పాలమూరు (మహబూబ్‌నగర్) బస్సు ఆరాంఘర్ మీదుగా వచ్చి చేరేది మూసీ ఒడ్డున ఉన్న ఎంజీబీఎస్‌కే. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే ఒకవైపు హైకోర్టు, ఇంకోవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. వంతెన మీద నిలబడి 1908 వరద ముచ్చట చెప్పవచ్చు. ఆ వరద తరువాతే నగరానికి పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, అందులో మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ఉందంటే సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు చెవి ఇటు పెడతారు.

మ్యూజియం పదింటికి తెరుస్తారు. అన్ని గదులూ చూడాలని పూనుకుంటే రోజంతా అక్కడే అయిపోతుంది కాబట్టి, ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం, ముందు వైపు పురుషుడిగానూ వెనక వైపు అద్దంలో స్త్రీగానూ కనిపించే కొయ్య బొమ్మ, ఇంకా పిల్లలు కోరిన ఒకటి రెండు గదులు చాలు. సంగీత గడియారం దగ్గరికి మాత్రం సరిగ్గా పన్నెండింటికి చేరుకోవాలి. గంటకు కొద్ది నిమిషాల ముందే జనం బల్లల మీద సర్దుకుంటారు. చిన్న తలుపు తెరుచుకొని గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండు దెబ్బలు కనుక అదే అన్నిటికన్నా పెద్ద ఆట. పక్కనే కమ్మరి బొమ్మ మాత్రం ఎవరు చూసినా చూడకపోయినా సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. నాకు ఎప్పుడూ దాని మీదే కన్ను.

అక్కడి నుంచి చార్మినార్‌కు నడకే. మదీనా కూడలి దాటాక పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నీడలో నడిస్తే అత్తరు దుకాణాలు, ముత్యాల దుకాణాలు, బట్టల దుకాణాలు వరుసగా వస్తాయి. ఈ కిలోమీటరుకు పైబడిన నడకే ఈ రోజు మొత్తంలో విలువైన భాగమని నా అభిప్రాయం. ఇక్కడ ఏదీ చూడవలసినదని రాసి ఉండదు, అన్నీ చూడదగినవే. 1591లో కట్టిన చార్మినార్ పైకి ఎక్కాలా వద్దా అన్నది క్యూను బట్టి పిల్లలకే వదిలేయవచ్చు. భోజనం తరువాత లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే, ఖిల్వత్ దర్బారు గదిలోని షాండ్లియర్లు, 1912 నాటి రోల్స్‌రాయిస్ కారు ఉన్నాయి. వాటికంటే అంత బజారు గోల తరువాత ఆ తోటలోని నిశ్శబ్దం కాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు లాడ్‌బజార్‌లో ఆగాలి, పొద్దున కాదు. పొద్దున సగం దుకాణాలు తెరిచి ఉండవు. లక్కగాజులు చేసే మనిషి దొరికితే కాసేపు నిలబడి చూడాలి: బొగ్గుల వేడికి మెత్తబడిన లక్కను సన్నగా సాగదీసి, గుండ్రంగా తిప్పి, అది చల్లారేలోపే మెరుపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. బేరం అమ్మాయికే వదిలేస్తే మంచిది. ఈ వయసు పిల్లలు తండ్రి ముందు బేరమాడటానికి మొదట మొహమాటపడి, తరువాత తండ్రి కన్నా గట్టిగా అడుగుతారు. చార్మినార్ నీడన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల గురించి నేను చెప్పకపోయినా ఎవరూ మానరు.

పాతబస్తీకి లోపాలు లేవనను. ఇరుకు, హారన్లు, దుమ్ము అన్నీ ఉన్నాయి. శుభ్రమైన మరుగుదొడ్డి కావాలంటే మ్యూజియంలోనూ ప్యాలెస్‌లోనూ ఉన్నప్పుడే చూసుకోవాలి. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ మూసి ఉంటాయి గనుక ఆ రోజు ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. ఆ రోజే వీలైతే గోల్కొండకే పోవాలి. ఆదివారమైతే జనం ఎక్కువే గాని, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు దొరికేది ఆ రోజే. పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లలకు అది చౌమహల్లా కన్నా మిన్న.

మిగిలినవాటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. జూపార్కు వయసు దాటిపోయింది. రామోజీ ఫిల్మ్‌సిటీ మన విజయవాడ రహదారి మీదే ఉన్నా అది నగరం కాదు. ట్యాంక్‌బండ్ ఒక గంటకు సరిపోతుంది. 1990లో నీట మునిగి 1992లో లేచి నిలబడిన ఆ బుద్ధుడి రాయి మన భువనగిరి పక్కన రాయగిరి నుంచి పోయిందేనని చెప్పుకోవడానికైనా చూడవచ్చు.

సొంత కారులో వెళ్లేవారికి నా వరుస మారుతుంది. పాతబస్తీలో కారు నిలపడం తలనొప్పి. పాలమూరు నుంచి వచ్చేవారు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్‌రోడ్డు ఎక్కి నార్సింగి వైపు దిగితే గోల్కొండ దగ్గరే. కారున్న పాలమూరు వారికి అదే మేలు. నల్లగొండ నుంచి రైలులో సికింద్రాబాద్ చేరేవారు సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా ఎంజీబీఎస్‌లో దిగవచ్చు. అమ్మాయితో, ఇల్లాలితో వెళ్లేవారు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేకుండా ప్రయాణించే మహాలక్ష్మి పథకం ఉందని, అందుకు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలని గుర్తుంచుకోవాలి.

తిరుగు బస్సును ఎల్బీనగర్‌లో పట్టుకుందామని కొందరు మెట్రోలో అక్కడి దాకా వెళ్తారు. ట్రాఫిక్ తప్పుతుంది, నిజమే; కానీ ఎంజీబీఎస్‌లోనే సీట్లు నిండి వస్తాయి కాబట్టి, రోజంతా నడిచిన కాళ్లతో చౌటుప్పల్ దాకా నిలబడే ఓపిక ఉంటేనే ఆ పని చేయాలి. నేనైతే సాయంత్రం ఆరింటికల్లా ఎంజీబీఎస్ చేరుకొని, ఖాళీ బస్సు చూసుకొని, కిటికీ పక్క సీటు బిడ్డకు ఇచ్చి కూర్చుంటాను.