డైవర్స్ ముద్ర ఉన్న వాచీయా, ముద్ర లేని మంచి వాచీయా: ఏది మేలు?

సీకో సంస్థ ఎన్నో ఏళ్లపాటు అమ్మిన ఎస్‌కేఎక్స్007 వాచీని, అదే సంస్థ 2019లో తెచ్చిన 5 స్పోర్ట్స్ వరుసలోని నల్ల డయల్ వాచీని పక్కపక్కన పెట్టి చూస్తే, అలవాటు లేని కంటికి రెండూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. బయటి లోహపు కేసు ఆకారం దాదాపు ఒకటే, టైము తిప్పే బొడిపె, అంటే క్రౌన్, రెండింటిలోనూ నాలుగు గంటల దగ్గరే ఉంటుంది, అద్దం చుట్టూ తిరిగే నిమిషాల గుర్తుల రింగు, అంటే బెజెల్, రెండింటికీ ఉంది. అసలు తేడా డయల్ అడుగున ఉన్న చిన్న అక్షరాల్లో ఉంది. పాతదానిపై డైవర్స్ (DIVER'S, అంటే నీటి లోతుల్లోకి దిగే డైవర్లకు పనికొచ్చేది) 200 మీటర్లు అన్న ముద్ర ఉంటుంది, దాని క్రౌన్‌ను మర తిప్పి బిగించవచ్చు. కొత్తదానికి 100 మీటర్ల నీటి నిరోధకత మాత్రమే ఉంది, డైవర్స్ అన్న మాట లేదు, క్రౌన్‌కు మర కూడా లేదు. అయితే లోపలి యంత్రం విషయంలో కొత్తదే మెరుగు: దానికి చేత్తో కీ ఇవ్వవచ్చు, క్రౌన్ లాగగానే సెకన్ల ముల్లు ఆగుతుంది కాబట్టి టైము సరిగ్గా పెట్టుకోవచ్చు. పాతదానిలో ఈ రెండు సదుపాయాలూ లేవు. రోజూ చేతికి పెట్టుకుని తిరిగేవారికి ఈ సదుపాయాలు నిత్యం ఉపయోగపడతాయి, ముద్ర మాత్రం ఎప్పుడో గాని అవసరపడదు. మరి ఆ ముద్రకు ఎంత విలువ ఇవ్వాలి?

ఆ ముద్ర వెనక ఉన్నది ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఇది 1982లో మొదటిసారి వెలువడింది, 1996లోనూ 2018లోనూ సవరించారు. డైవింగ్ వాచీ కనీసం 100 మీటర్ల లోతుకు తట్టుకోవాలన్నది దీని తొలి షరతు, కానీ చాలామంది అనుకునేట్టు ఇది లోతు గురించి మాత్రమే చెప్పే ప్రమాణం కాదు. నీటిలో ఎంతసేపు గడిచిందో గుర్తుంచుకునే ఏర్పాటు, అంటే సాధారణంగా బెజెల్, పొరపాటున చెయ్యి తగిలితే తిరిగిపోకుండా ఉండాలి. చీకటిలో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం తెలియాలి. వాచీ నడుస్తోందో ఆగిపోయిందో కూడా ఆ చీకటిలోనే తెలియాలి, అందుకే డైవింగ్ వాచీల సెకన్ల ముల్లు మీద ఒక వెలుగు చుక్క ఉంటుంది. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీ అయిపోవస్తోందని ముందుగా చెప్పాలి. ఉప్పునీటిలో 24 గంటలు ఉంచినా కదిలే భాగాలు పట్టేయకూడదు, తుప్పు పట్టకూడదు. పట్టీని రెండు కొసల నుంచీ 200 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంతగా లాగినా ఊడకూడదు. దెబ్బ తగలడం, అయస్కాంత క్షేత్రం, వేడి నీటి నుంచి చన్నీటిలోకి, మళ్లీ వేడి నీటిలోకి మార్చడం, వీటన్నిటికీ విడివిడి పరీక్షలున్నాయి.

నీరు లోపలికి చేరిందా లేదా అన్నది తేల్చే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. వాచీని వేడి పలక మీద ఉంచి 40 నుంచి 45 డిగ్రీల దాకా వేడెక్కిస్తారు. తర్వాత అద్దం మీద గది వేడిమి ఉన్న ఒక్క నీటి చుక్క వేసి, సుమారు ఒక నిమిషం ఆగి, పొడి గుడ్డతో తుడుస్తారు. లోపల తేమ రవ్వంత ఉన్నా, చుక్క చల్లబరచిన చోట అద్దం లోపలివైపు మసక కమ్ముతుంది. మసక కనిపించిన వాచీ తప్పినట్టే. 200 మీటర్లకు చెప్పిన వాచీని అంతకు నాలుగో వంతు ఎక్కువ పీడనంలో, అంటే 25 బార్ల దగ్గర (ఒక బార్ సుమారు 10 మీటర్ల లోతు నీటి పీడనం), రెండు గంటలు ఉంచి, ఆపైన 0.3 బార్ల తక్కువ పీడనంలో ఒక గంట ఉంచుతారు. ఆ తక్కువ పీడనం కూడా ముఖ్యమే, ఎందుకంటే లోతులో బాగా నొక్కుకుని నీటిని ఆపే రబ్బరు రింగు, అంటే గాస్కెట్, ఒక్కోసారి పైపైన వదులుగా ఉండి నీటిని లోపలికి రానిస్తుంది.

ముద్ర లేకుండా 200 మీటర్ల నీటి నిరోధకత అని మాత్రమే రాసి ఉన్న వాచీ సాధారణంగా వేరొక ప్రమాణం కిందికి వస్తుంది, అది ఐఎస్ఓ 22810. ఇది 2010లో పాత ఐఎస్ఓ 2281 స్థానంలో వచ్చింది, నీటిని తట్టుకునే మామూలు వాచీల కోసం రాసినది. దీని ప్రకారం తయారైన వాచీల్లోంచి కొన్ని మచ్చుకు తీసి పరీక్షిస్తే సరిపోతుంది. డైవర్స్ ప్రమాణం మాత్రం పీడన పరీక్షను ఒక్కో వాచీకీ చేయమంటుంది. ముద్రకున్న అసలు విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. మచ్చు పరీక్షలో వంద వాచీలు బాగున్నాయని తేలినా, నూట ఒకటోదానిలో గాస్కెట్ మీద ఒక నలక పడి ఉంటే అది కొన్నవారి చేతికే వస్తుంది. ముద్ర ఉన్న వాచీ కొన్నప్పుడు, మన చేతికి వచ్చిన ఆ ఒక్క వాచీనే ఎవరో పీడనంలో పెట్టి చూశారన్న భరోసా కలుగుతుంది.

ఆ చూసినది ఎవరన్నది కూడా తెలుసుకోవాలి. ఐఎస్ఓ ప్రమాణాలను రాస్తుంది గాని వాచీలను పరీక్షించదు, ధ్రువపత్రాలు ఇవ్వదు. ఈ ప్రమాణాన్ని పాటించడం తయారీదారు ఇష్టం. పాటించానని ప్రకటించేదీ, పరీక్షలు జరిపేదీ చాలావరకు తయారీదారే. అందువల్ల అధికారిక ధ్రువీకరణ అన్న మాటను కొంచెం ఆగి చదవాలి. బయటి సంస్థతో నిజంగా పరీక్ష చేయించే వారూ ఉన్నారు: జర్మనీకి చెందిన వాచీల సంస్థ జిన్ తన డైవింగ్ వాచీల పీడన నిరోధకతను, ఓడల భద్రతను తనిఖీ చేసే డీఎన్‌వీ అనే వర్గీకరణ సంస్థ చేత పరీక్షింపజేస్తుంది. ఒమేగా తన మాస్టర్ క్రోనోమీటర్ వాచీలను స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ నిబంధనల కింద పరీక్షకు పెడుతుంది, అందులో చెప్పిన లోతుకు నీటి నిరోధకత చూడడం కూడా ఒక భాగం. ఇక రోలెక్స్ సబ్‌మెరీనర్ డయల్ మీద అధికారికంగా ధ్రువీకరించినట్టు కనిపించే మాటలు చదివి, అది డైవింగ్‌కు సంబంధించిన ధ్రువీకరణ అనుకునేవారు తక్కువ మంది కాదు. అది సమయపాలనకు సంబంధించినది. స్విస్ సంస్థ సీఓఎస్‌సీ యంత్రాన్ని పదిహేను రోజులు గమనించి, రోజుకు సగటున 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు అన్న హద్దులో ఉంటే ఇచ్చే గుర్తింపుకూ నీటికీ ఏ సంబంధమూ లేదు. సబ్‌మెరీనర్ మీద డైవర్స్ అన్న ముద్ర లేదు, అయినా రోలెక్స్ తన డైవింగ్ వాచీలను చెప్పిన లోతుకన్నా 25 శాతం ఎక్కువ పీడనంలో స్వయంగా పరీక్షిస్తుంది.

ముద్ర లేనంత మాత్రాన వాచీ బలహీనమైనదని తేల్చేయకూడదనడానికి ఇదొక్కటే ఉదాహరణ కాదు. బ్లాంక్‌పేన్ ఫిఫ్టీ ఫాథమ్స్ అనే డైవింగ్ వాచీ 1953లో వచ్చేనాటికి ఈ ప్రమాణమే పుట్టలేదు. నిజానికి ఆ తొలి వాచీల అనుభవంలోంచే తర్వాతి ప్రమాణాలు వచ్చాయి. 1967లో సోవియట్ యూనియన్‌లో తయారైన వొస్తోక్ ఆంఫీబియా ఇంకా ఆలోచింపజేస్తుంది. దాని వెనక మూతను మరలాగా తిప్పి బిగించరు, మూతను విడిగా ఉంచి దానిపై ఒక రింగు బిగిస్తారు. లోతుకు వెళ్లేకొద్దీ నీటి పీడనమే మూతను వెడల్పైన గాస్కెట్‌కు మరింత గట్టిగా అదుముతుంది. నీటిని ఆపే విషయంలో అంత తెలివైన నిర్మాణం అరుదు. కానీ దాని బెజెల్ రెండు వైపులా తేలిగ్గా తిరుగుతుంది, ప్రమాణం ముందు అక్కడ ఆగిపోతుంది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు గాని కాదు. ఒకే వైపు తిరిగే బెజెల్‌కు పొరపాటున చెయ్యి తగిలితే గడిచిన సమయం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, డైవర్ తొందరగా పైకి వస్తాడు, అంతే. రెండు వైపులా తిరిగేదైతే గడిచిన సమయం తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది, అప్పుడు సిలిండర్‌లో గాలి ఇంకా ఉందన్న భ్రమలో అతను కిందనే ఉండిపోవచ్చు. వాచీలోకి నీరు రాకపోయినా మనిషికి ముప్పు తెచ్చే లోపం ఇది. కేసియో ఎండీవీ106 వంటి వాచీ ఈ విషయంలో మెరుగు: 200 మీటర్ల నిరోధకత, మర క్రౌన్, ఒకే వైపు తిరిగే బెజెల్, మూడూ ఉన్నాయి, డైవర్స్ ముద్ర ఒక్కటే లేదు. ఈతకూ పైపై డైవింగ్‌కూ దానిని వాడేవారిని నేను వారించను.

లోతు అంకెల గురించి ఒక అపోహ ఎప్పటికీ పోవడం లేదు. నీటిలో చెయ్యి విసిరితే పీడనం ఎన్నో రెట్లు పెరుగుతుందని, అందుకే 100 మీటర్ల వాచీ ఈతకు కూడా చాలదని అంటారు. లెక్క వేస్తే సంగతి తేలుతుంది. చెయ్యి సెకనుకు 10 మీటర్ల వేగంతో నీటిని చీల్చినా, నీటిలో అంత వేగం మనిషికి సాధ్యం కాదన్నది అలా ఉంచితే, అదనంగా కలిసే పీడనం అర బార్, అంటే 5 మీటర్ల లోతుతో సమానం. సరదాకు చేసే డైవింగ్‌లో లోతు హద్దు 40 మీటర్లు. 2014లో ఈజిప్టుకు చెందిన అహ్మద్ గాబ్ర్ స్కూబాతో, అంటే వీపున గాలి సిలిండర్లతో, దిగిన రికార్డు లోతు 332.35 మీటర్లు. మామూలు డైవర్ ఒంటి మీద ఉన్న 200 మీటర్ల వాచీ తన హద్దుకు దరిదాపుల్లోకి కూడా పోదు. అంకె చాలక వాచీలు పాడవడం అరుదు. క్రౌన్ బిగించడం మరచిపోవడం, వేడి నీటి స్నానాలకూ సబ్బుకూ గాస్కెట్ గట్టిపడిపోవడం, బ్యాటరీ మార్చినవారు మూత సరిగా కూర్చోబెట్టకపోవడం, ఎక్కువగా జరిగేవి ఇవే.

కాబట్టి నా దృష్టిలో అసలు పోటీ ముద్రకూ ముద్ర లేనితనానికీ మధ్య కాదు, ఎన్నడో జరిగిన పరీక్షకూ ఇటీవల జరిగిన పరీక్షకూ మధ్య. ముద్ర అనేది వాచీ కర్మాగారం దాటిన నాటి సంగతి చెబుతుంది. ఆ తర్వాత ఒక్కసారి మూత తెరిచినా ఆ భరోసా చెల్లదు, తెరవకపోయినా రబ్బరు వయసుతో పాటు సాగే గుణాన్ని పోగొట్టుకుంటుంది. వాచీలు బాగుచేసేవారి దగ్గర ఈ పరీక్షకు రెండు మార్గాలున్నాయి. ఒకటి పొడి పరీక్ష: పరికరంలోని చిన్న మూసిన అరలో గాలి పీడనం పెంచి, లేదా తగ్గించి, కేసు ఎంత వంగిందో సన్నని సూదితో కొలుస్తారు. వంగిన కేసు అలాగే నిలిచి ఉంటే గాలి లోపలికి చేరలేదని అర్థం, మెల్లగా యథాస్థితికి వస్తుంటే ఎక్కడో కారుతోందని అర్థం. రెండోది నీటి పరీక్ష: నీటికి పైన ఉన్న గాలిలో వాచీని పెట్టి పీడనం ఎక్కిస్తారు, తర్వాత నీటిలోకి దించి పీడనం తగ్గిస్తారు. కేసులో చిల్లు ఉంటే లోపల చేరిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది, ఏ మూల నుంచి వస్తోందో కంటితో చూడవచ్చు. పదేళ్లుగా తెరవని డైవర్స్ ముద్ర వాచీ ఒకటి, ఈ నెలలోనే పరీక్ష నెగ్గిన ముద్ర లేని 200 మీటర్ల వాచీ ఒకటి ఎదురుగా ఉంటే, నీటిలోకి నేను రెండోదానినే వెంట తీసుకెళ్తాను.

హీలియం కలిపిన వాయువులతో రోజుల తరబడి పీడన గదుల్లో ఉండే వృత్తి డైవర్లకు ప్రమాణంలో వేరే భాగం ఉంది. ఆ వాచీలను వాయు మిశ్రమంలో 15 రోజులు ఉంచి, 3 నిమిషాల్లో మామూలు పీడనానికి తెస్తారు. లోపలికి చేరిన హీలియం, బయటి పీడనం తగ్గగానే అద్దాన్ని ఊడగొట్టగలదన్నదే ఇక్కడి చిక్కు. రోలెక్స్ 1967లో సీ-డ్వెల్లర్‌కు హీలియం బయటికి పోయే వాల్వు పెట్టి ఈ చిక్కు తీర్చింది, సీకో 1975లో హీలియం లోపలికే రాని కేసు చేసి తీర్చింది. ఆ వృత్తిలో లేనివారు వాల్వు కోసం డబ్బు పెట్టనక్కరలేదు.

డైవ్ కంప్యూటర్లు వచ్చాక వాచీయే అనవసరం కదా అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవాలి. లోతూ సమయమూ కలిపి లెక్కగట్టే కంప్యూటర్లు 1980ల నుంచి అమ్మకంలో ఉన్నాయి. వాటి లోతు కొలతకు ఈఎన్ 13319 అనే యూరోపియన్ ప్రమాణం ఉంది. యాపిల్ వాచ్ అల్ట్రా కూడా ఆ ప్రమాణం చెప్పుకుని 40 మీటర్ల వరకే డైవింగ్‌కు సరిపోతుందని చెబుతుంది. వాచీ ఇప్పుడు రెండో ఆసరా మాత్రమే. కానీ రెండో ఆసరా అవసరమయ్యేది కంప్యూటర్ ఆగిపోయిన మరుక్షణంలో, మసక నీటిలో, కంగారులో. ఆ క్షణంలో చీకటిలో కనిపించే ముళ్లు, పొరపాటున తిరిగిపోని బెజెల్, నడుస్తున్నట్టు చెప్పే వెలుగు చుక్క, ఇవే మనిషికి పనికొస్తాయి, 300 మీటర్లన్న అంకె కాదు. అందుకే నిజంగా డైవింగ్ చేసేవారు కొత్త వాచీ కొనేటప్పుడు డైవర్స్ ముద్ర ఉన్నదానినే ఎంచుకోవడం మేలు. ఈతకూ వానకూ రోజువారీ వాడకానికీ అయితే మర క్రౌన్ ఉన్న మంచి వాచీ చాలు, ముద్ర కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు.

వాడిన వాచీ కొనేవారికి మాత్రం ముద్ర మీద ఆధారపడటం తగదని గట్టిగా చెబుతాను. ఎస్‌కేఎక్స్007కు బయట దొరికే విడిభాగాలు అన్నీ ఇన్నీ కావు: వేరే అద్దం, వేరే బెజెల్, వేరే క్రౌన్, చివరికి డైవర్స్ అని అచ్చయిన వేరే డయల్ కూడా దొరుకుతుంది. ఆ డయల్‌ను ఏ కేసులోనైనా అమర్చవచ్చు, కనుక అక్షరాలు చూసి కేసును నమ్మడం కుదరదు. అమ్మేవారిని మొదట అడగవలసింది క్రౌన్, అద్దం మొదటి నుంచీ ఉన్నవేనా అని, గాస్కెట్లు చివరిసారి ఏ ఏడాది మార్చారని, మార్చాక ఎన్ని బార్ల దగ్గర పరీక్షించారని. ఆ కాగితం చూపించలేకపోతే, కొన్న వెంటనే గాస్కెట్లు మార్పించి పరీక్ష చేయించే ఖర్చును ధరలోంచి తీసివేసి బేరమాడాలి, ఆ పని పూర్తయ్యేదాకా వాచీని నీటికి దూరంగా ఉంచాలి.