లైఫ్‌లాక్, ఆరా, ఐడెంటిటీఫోర్స్: నెలనెలా కట్టే డబ్బుకి ఏం వస్తోంది?

గుర్తింపు దొంగతనం నుంచి, అంటే మన వివరాలతో వేరేవాళ్లు అప్పులు తీసుకోవడం లాంటి మోసాల నుంచి కాపాడతామనే ఈ సర్వీసులు అమెరికాలో డబ్బు తీసుకుని చేసే పని ఎక్కువగా కబురు చెప్పడమే. మీ సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) ఎవరో కార్డుకి అప్లై చేశారనో, మీ ఈమెయిల్ డార్క్ వెబ్‌లో (దొంగిలించిన వివరాలు అమ్ముడయ్యే రహస్య ఇంటర్నెట్‌లో) కనిపించిందనో అలర్ట్ వస్తుంది, అదీ జరిగాక. కొత్త అప్పు పుట్టకుండా ఆపేది క్రెడిట్ ఫ్రీజ్, అంటే కొత్తగా అప్పిచ్చేవాళ్లకి మీ అప్పుల చరిత్ర కనబడకుండా మూసేయడం. 2018 సెప్టెంబర్ నుంచి చట్టప్రకారం అది ఉచితం. మన అప్పుల చరిత్ర నమోదు చేసే బ్యూరోలైన ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడు చోట్లా విడివిడిగా పెట్టుకోవాలి, లోన్ అవసరమైనప్పుడు ఆన్‌లైన్‌లో అడిగితే గంటలోపు తీసేయాలని రూల్ కూడా ఉంది. 16 ఏళ్లలోపు పిల్లల పేరు మీద తల్లిదండ్రులే పెట్టించొచ్చు. ముందు ఈ పని చేసేయండి, ఏది కొనాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.

లైఫ్‌లాక్ పేరు అందరికీ తెలిసిందే. అప్పటి సీఈఓ తన సోషల్ సెక్యూరిటీ నంబర్‌ని ప్రకటనల్లో వేసి మరీ ధీమా చూపించాడు, ఆ నంబర్‌తోనే ఎవరో అప్పు తీసుకున్నారు. తప్పుడు ప్రచారం చేశారని ఎఫ్‌టీసీ (వినియోగదారుల్ని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ) పెట్టిన కేసులో కంపెనీ 2010లో 1.2 కోట్ల డాలర్లు కట్టింది, ఆ ఆర్డర్‌ని పాటించలేదని 2015లో ఇంకో 10 కోట్లకి ఒప్పుకుంది. తర్వాత చేతులు మారి ఇప్పుడు నార్టన్ వాళ్ల గొడుగు కింద ఉంది కాబట్టి పాత పాపమంతా ఈనాటి సర్వీసుకి అంటగట్టను. కానీ చవక ప్లాన్‌లో ఒక్క బ్యూరోనే చూస్తూ, మూడూ కావాలంటే పై ప్లాన్‌కి వెళ్లమనడం నాకు నచ్చదు, ఎందుకంటే దొంగ అప్లై చేసిన బ్యాంకు మిగతా రెండిట్లో ఏ బ్యూరోనైనా అడగొచ్చు. పైగా మొదటి ఏడాది ధర వేరు, రెన్యువల్ ధర వేరు.

ఆరా ఇక్కడే మెరుగు. మామూలు ప్లాన్‌లోనే మూడు బ్యూరోలూ చూస్తుంది, పాస్‌వర్డ్ మేనేజర్, వీపీఎన్ కూడా ఇస్తుంది. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఐడెంటిటీఫోర్స్ ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ చేతిలో ఉంది. మన డేటా పోగేసే బ్యూరోయే దానికి కాపలా కాస్తానని మన దగ్గర డబ్బు తీసుకోవడం నాకు మింగుడుపడదు, 2017లో ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాక మరీనూ.

పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ అని పెద్ద అక్షరాల్లో రాస్తారు కదా, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. లాయరు ఫీజు, పోయిన జీతం లాంటి ఖర్చులకి ఎంత, ఖాతాలోంచి పోయిన డబ్బుకి ఎంత అనేవి వేర్వేరుగా రాసి ఉంటాయి, చదవాల్సింది అక్కడే. మన క్రెడిట్ కార్డుని దొంగ వాడుకుంటే చట్టం ప్రకారం మన మీద పడేది ఎలాగూ 50 డాలర్లకి మించదు. డార్క్ వెబ్ అలర్ట్‌లంటారా, నేను వాడిన ఒక సర్వీసు ఎప్పుడో మార్చేసిన పాస్‌వర్డ్‌ల గురించే మళ్లీ మళ్లీ పంపి టెన్షన్ పెట్టేది. ఈమెయిల్ లీక్ అయిందో లేదో హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైట్ ఉచితంగానే చెప్తుంది.

నిజంగా డబ్బు పెట్టదగ్గది ఒకటే, రెస్టొరేషన్. గుర్తింపు దొంగిలించబడ్డాక బ్యాంకులకీ బ్యూరోలకీ ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి, నెలల తరబడి వెంటపడే పనిలో ఒక మనిషి మీ పక్కన ఉంటాడు. పెద్దవయసు అమ్మానాన్నలకి, ఇప్పటికే ఒకసారి దెబ్బతిన్నవాళ్లకి ఇది ఎంతో ఊరట. ఓపికుంటే ఎఫ్‌టీసీ ఐడెంటిటీథెఫ్ట్ సైట్‌లో ఆ ఉత్తరాల నమూనాలు, ఏది ముందు చేయాలో వరుస అన్నీ ఉచితమే. ఫ్రీజ్ టాక్స్ మోసాన్ని ఆపదు కాబట్టి మీ పేరు మీద వేరేవాళ్లు టాక్స్ రిటర్న్ వేయకుండా ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే ఐపీ పిన్ అనే నంబర్ కూడా తీసుకోండి, దానికీ ఖర్చు లేదు.

కొనేముందు ఆఫీసు బెనిఫిట్స్‌లో ఉందేమో చూడండి. డేటా పోగొట్టిన కంపెనీలు ఏడాదో రెండేళ్లో ఉచిత మానిటరింగ్ ఇస్తూ ఉత్తరం పంపుతుంటాయి. అందులోని కోడ్‌కి గడువు ఉంటుంది, చెత్తబుట్టలో పడేయకండి.