ఎన్‌వీడీఏతో తొమ్మిదేళ్లు: చదవని ఒక్క వాక్యం

నాకు చూపు లేదు. తొమ్మిదేళ్లుగా మలక్‌పేటలోని మా ఇంట్లో, కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదువుతుంది, నేను వింటాను. అది ఉచితం. నాకు ప్రాణం దాని హెచ్ కీ. వార్తల పేజీలో అది నొక్కుతూ పోతే శీర్షిక తర్వాత శీర్షిక వినిపిస్తుంది. అన్నయ్య పేజీ కిందికి జరుపుతూ వెతికేలోపు నేను వార్త సగం వినేసి ఉంటాను.

పేజీ తయారుచేసినవారు శీర్షికను శీర్షికగా గుర్తించి ఉంటేనే ఆ సుఖం. అక్షరాలు లావు చేసి వదిలేస్తే హెచ్‌కు ఏదీ దొరకదు.

గత వేసవిలో ఇంటర్నెట్ బిల్లు కట్టడానికి ఆ కంపెనీ కొత్త వెబ్ యాప్ తెరిచాను. ‘చెల్లించు’ బటన్ మీద ఎంటర్ నొక్కాను. చెవిలో ఉలుకూ పలుకూ లేదు. కాసేపు ఆగి వెతికితే బటన్ అక్కడే ఉంది. సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్లీ నొక్కాను. ఫోనుకు వరుసగా రెండు మెసేజ్‌లు: 943 రూపాయలు, మళ్లీ 943 రూపాయలు. వదినను పిలిస్తే, “బటన్ కింద ‘చెల్లింపు జరుగుతోంది, దయచేసి ఆగండి’ అని ఉంది కదా” అంది. ఉంది, నాకు తప్ప అందరికీ. డబ్బు వెనక్కి రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

పేజీ కోడ్‌లో ఆ వాక్యం వచ్చే చోటికి ‘రోల్ స్టేటస్’ అన్న గుర్తు తగిలించి ఉంటే ఎన్‌వీడీఏ దాన్ని అప్పటికప్పుడే చదివేది. పేజీ అలాగే ఉండి లోపలి ముక్కలే మారే ఇప్పటి యాప్‌లలో మాకు అదే ఆధారం. వెబ్ పేజీలు వికలాంగులకూ అందేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ. 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1లో, ఇలాంటి సందేశాలు వినిపించాలన్నది 4.1.3 నియమం. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అయినా ఈ యాప్‌లో ఆ ఒక్క గుర్తు పెట్టలేదు.

ఎన్‌వీడీఏ ఒక్కటి ఉంటే చాలని స్నేహితులకు చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. దాని వెంట వచ్చే తెలుగు గొంతు కూడా మరమనిషి గొంతే. నాకు అలవాటైంది, అమ్మకు ఒక్క ముక్క అర్థం కాదు. చిన్నప్పుడే కీబోర్డు నేర్చుకున్నాను కాబట్టి నేను దీన్ని వదలను. చూపు ఈమధ్యే పోయినవారు పక్కన నేర్పేవారు ఉంటే మొదలుపెట్టండి.

ఇంటర్నెట్ బిల్లు మాత్రం నెలనెలా మెట్రోలో మూడు స్టేషన్లు దాటి, దిల్‌సుఖ్‌నగర్ కౌంటర్‌లో కట్టి వస్తున్నాను.