ఇంటి మాటల్లో ప్రార్థన: పదమూడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ప్రార్థన చేసే భాష మార్చుకుని నాకు పదమూడేళ్లయింది. అంతకుముందు ముప్పై ఏళ్లు అందరిలాగే చేశాను. కళ్లు మూసుకోగానే "ప్రేమాస్వరూపివైన పరలోకపు తండ్రీ, నీకే స్తుతి స్తోత్రములు చెల్లించుచున్నాము" అని మొదలయ్యేది, "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ" దగ్గర ఆగేది. మధ్యలో ఏం అడిగానో చాలాసార్లు నాకే గుర్తుండేది కాదు. ఇప్పుడు కూరగాయలు బేరమాడే మాటల్లోనే దేవుడితో మాట్లాడుతున్నాను. అలా మాట్లాడొచ్చా, తప్పు కాదా అని మా సంఘంలో ఒకరిద్దరు అడుగుతుంటారు. వాళ్లకోసం రాస్తున్నా, బాగున్నదీ బాగాలేనిదీ కలిపి.

మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన, ఆ తర్వాతే భోజనం. నాన్న బడిపంతులు. ప్రార్థనకి కూర్చుంటే గిన్నెల్లో కూర చల్లారిపోయేది. ఆయన మాటలు మాత్రం గొప్పగా ఉండేవి, "కరుణాసముద్రుడా, కృపాసంపూర్ణుడా" అంటూ. నేనూ అవే నేర్చుకున్నాను. స్త్రీల సమాజంలో "సిస్టర్, మీరు ప్రార్థన నడిపించండి" అని ఎక్కువగా నన్నే లేపేవారు. బాగా చేస్తాననే పేరుంది. ఆ పేరే నన్ను చెడగొట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

మన తెలుగు ప్రార్థనలో ఒక వింత ఉంది. సంఘం పాస్టరుగారిని 'మీరు' అంటాం, బ్యాంకులో గుమాస్తాని 'మీరు' అంటాం, దేవుణ్ని మాత్రం 'నీవు' అంటాం. కన్నతండ్రిని పిలిచే చనువుతో పిలిచి, వెంటనే "దయచేయుము, అనుగ్రహించుము" అని ఆ చనువుకి కోటూ బూటూ తొడుగుతాం. మా నాన్నని నేను నువ్వనే పిలిచేదాన్ని. "నాన్నా, ఫీజుకి డబ్బులిమ్ము" అని ఒక్కరోజు కూడా అడగలేదు.

2012లో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో పంతొమ్మిది రాత్రులు కూర్చున్నాను. అన్నయ్య గల్ఫ్‌లో ఉంటాడు. డబ్బు పంపాడు, రాలేదు. సంఘం నుంచి వచ్చినవాళ్లు చెయ్యి పట్టుకుని "నీ చిత్తమైతే స్వస్థపరచుము" అని ప్రార్థించి వెళ్లేవారు. నేనూ ఆమేన్ అనేదాన్ని. ఒకరోజు రాత్రి రెండింటప్పుడు కుళాయి దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే నోట్లోంచి వచ్చేసింది: "నా వల్ల కావట్లేదు. నాన్నని లేపు, లేదా తీసుకెళ్లు. ఏదో ఒకటి చెయ్యి." అనేశాక భయమేసి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. తీసుకెళ్లు అన్నది నేనేనా అని వణుకు పుట్టింది. కానీ అంతకుముందు ప్రార్థనలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదని కూడా అదే క్షణంలో తెలిసింది.

ఆ తర్వాత అద్భుతమేమీ జరగలేదు. నాన్న ఇంటికొచ్చాడు, మూడున్నరేళ్లు మంచంమీద ఉన్నాడు, మాట తిరిగి రాలేదు, పోయాడు. సాక్ష్యం చెప్పమని పిలిస్తే చెప్పడానికి నా దగ్గర ముగింపు లేదు. ఈ పద్ధతి వాడితే అడిగింది దొరుకుతుందా అని చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు దొరకలేదు.

మొదటి నెల దీనికన్నా ఇబ్బందికరమైన పని ఇంకోటి లేదనిపించింది. గది తలుపు వేసుకుని కూర్చుంటే రెండు నిమిషాల్లో మాటలు అయిపోయేవి. స్తోత్రాల పొడవు తీసేస్తే నా దగ్గరున్న ప్రార్థన అంతేనన్నమాట. మాటలు విస్తరించి మాట్లాడితే వినబడుతుందనుకోవద్దని యేసు మత్తయి 6లో చెప్పింది ఎవరికో అనుకునేదాన్ని. రెండు నిమిషాల తర్వాత వచ్చే నిశ్శబ్దంలో కూర్చోవడం కష్టం. కాళ్లు తిమ్మిరెక్కేవి, పొయ్యిమీద పాలు గుర్తొచ్చేవి. మూడో వారంలో పాల గురించే చెప్పడం మొదలుపెట్టాను. పాల తర్వాత గ్యాసు, గ్యాసు తర్వాత డబ్బులు, డబ్బుల తర్వాత అన్నయ్య. అసలు విషయం ఎప్పుడూ నాలుగోదో ఐదోదో అయ్యుండేది.

నన్ను నిలబెట్టింది బైబిల్లోని కీర్తనల గ్రంథం. నాన్న చదవలేడు కాబట్టి సాయంత్రాలు ఆయన బైబిల్ తీసి పక్కన కూర్చుని చదివేదాన్ని. చిన్నప్పుడు కంఠత పెట్టించినవి 1, 23, 91, 121. ఇప్పుడు వరసగా చదువుతుంటే, నూట యాభైలో ఎన్నో మొరలే. 13వ కీర్తన మొదటి మాటే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" 44లో దేవుణ్ని "నీవేల నిద్రించుచున్నావు" అని నిలదీస్తారు. ఇక 88 ఉంది. మిగతా మొరలు చాలావరకు చివర్లో ఎక్కడో ఒకచోట స్తుతికి మళ్లుతాయి, ఇది మళ్లదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. క్రిస్మస్‌కీ, పెళ్లికీ, గృహప్రవేశానికీ ఎవరూ చదవరు. నాన్న బైబిల్లో ఆ వచనం పక్కన ఎర్ర పెన్సిలు గీత ఉంది. ఎప్పుడు గీశాడో తెలీదు, అడుగుదామంటే ఆయనకి మాట లేదు. కరుణాసముద్రుడా అని అంత గంభీరంగా మొదలుపెట్టే మనిషి, మేమెవరం లేనప్పుడు ఈ పేజీ దగ్గర కూర్చున్నాడు. ఆ గీతని వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయాను.

విచిత్రమేమిటంటే ఆ కీర్తనలు కూడా పాత గ్రాంథికంలోనే ఉన్నాయి. అంటే తప్పు 'ఉము' ప్రత్యయానిది కాదు. ఆ భాష చాటున నేను దాక్కున్నాను, కీర్తనలు రాసినవాళ్లు దాక్కోలేదు.

ఏడాది గడిచేసరికి తేడా కనిపించింది. మంచిదీ, చెడ్డదీ. ఆఫీసులో నాతోపాటు చేరిన ఒకావిడకి నేను ఎదురుచూస్తున్న సీటు వచ్చేలా ఉంది. ఇదివరకైతే "ఆమెను దీవించుము" అని పళ్లు బిగించి అనేదాన్ని. ఈసారి "ఆవిడకి రాకూడదు. నాకు రావాలి. కడుపు మండుతోంది" అన్నాను. 137వ కీర్తన మా సంఘంలో చదివితే ఆరో వచనం దగ్గర ఆపేస్తారు, తర్వాతి మూడూ పిల్లలముందు చదవలేం. శత్రువుల పసిపిల్లల గురించి అంత ఘోరంగా అడిగినవాళ్ల మాటలే బైబిల్లో ఉండగా, నా సీటు గొడవ దేవుడికి కొత్తేమీ కాదులే అనుకున్నాను. చెప్పేశాక మంట తగ్గింది. ఆవిడకే వచ్చింది. వెళ్లి స్వీటు తిన్నాను, తీపిగానే ఉంది.

కానీ అదే పద్ధతి అన్నయ్య విషయంలో ఎదురు తిరిగింది. రోజూ అదే ఫిర్యాదు, రోజూ ఇంకొంచెం పదును. నిజాయితీ పేరుతో ఏడాదిపాటు దేవుడిముందు పగ పెంచుకున్నాను. ఈ పద్ధతిలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒకటి, చెప్పిందే చెప్పి రుచి మరగడం ఇంకోటి. 13వ కీర్తన మొత్తం ఆరు వచనాలే. ప్రశ్నలు రెండు వచనాల్లో అయిపోతాయి, మూడోదానికే అడగడం మొదలవుతుంది. అది చూశాక, ఫిర్యాదు పూర్తయిన ప్రతిసారీ "అయితే నువ్వేం చెయ్యాలని నా కోరిక?" అని తేల్చి చెప్పడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు జవాబుండదు. ఊరికే తిట్టాలనిపించిందంతే.

నోట్‌బుక్కు సంగతి. ప్రార్థనలు రాసుకోమని చాలామంది చెబుతారు. నేనూ రాశాను, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులు నాలుగు. మొదట్లో బాగా పనిచేసింది, రాస్తే మనసు పక్కదారి పట్టదు. తర్వాత ఇంట్లో ఎవరైనా చదువుతారేమోనన్న టెన్షన్ పట్టుకుంది. దాంతో రాతలో మళ్లీ మర్యాద వచ్చేసింది. కొన్నిచోట్ల మా ఆయన పేరు బదులు 'వారు' అని రాశాను! 2019లో మానేశాను. ఇప్పుడు ప్రార్థన ఎక్కువగా మిద్దెమీద బట్టలు ఆరేస్తూ. చేతులకి పని ఉంటే నోరు అబద్ధం ఆడదు, ఎందుకో మరి. ఆఫీసులోనైతే బైబిల్లో రాజుగారి కొలువులో పనిచేసిన నెహెమ్యాలాగా. రాజు ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాడాయన. మేనేజరు పిలిచినప్పుడు కుర్చీలోంచి లేచి ఆయన క్యాబిన్‌కి చేరేలోపు నాదీ అంతే.

జనవరి ఒకటిన సంఘంలో ఇచ్చే వాగ్దాన కార్డు, అంటే ఆ ఏడాదికి ఒక బైబిల్ వాక్యం రాసి ఉండే కార్డు గురించి కూడా ఒక మాట. లాటరీ టికెట్‌లా తీసి, మంచి వాక్యం రాలేదని ఇంకోటి తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు వచ్చినదాన్ని ఫ్రిజ్‌మీద అంటించి, "దీన్ని నేను నమ్మట్లేదు, నమ్మేలా చెయ్యి" అని ఫిబ్రవరిలో ఎప్పుడో చెబుతుంటాను.

నలుగురిలో ఈ పద్ధతి వాడొద్దు. నేను వాడి చూశాను. నాన్న మంచంలో ఉన్న రోజుల్లో స్త్రీల సమాజంలో నన్ను లేపితే, "ప్రభువా, నాకు విసుగ్గా ఉంది, నీమీద కూడా కోపంగా ఉంది" అన్నాను. ఆమేన్ చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాలుగోరోజు ఇద్దరు పెద్దవాళ్లు ఇంటికొచ్చి, విశ్వాసంలో బలహీనపడ్డానని మూడు శుక్రవారాలు ఉపవాసం చెప్పి వెళ్లారు. బైబిల్లో, పెదవులే కదుపుతూ స్వరం లేకుండా ప్రార్థిస్తున్న హన్నాని చూసి యాజకుడు ఏలీ ఆమె తాగిందనుకోలేదూ, అలాగ. అయితే నా తప్పూ ఉంది. అందులో కొంత ప్రార్థన, కొంత అక్కడున్నవాళ్లకి వినిపించాలన్న కసి. తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు అన్నది ఊరికే కాదు. అదీగాక నిజాయితీ పేరుతో 'ప్రార్థన మనవులు' ఎలా తయారవుతాయో మనకి తెలుసు: "ఫలానా సిస్టర్‌గారి అల్లుడికోసం ప్రార్థించండి, తాగుతున్నాడంట." వేరేవాళ్ల నిజాలు చెప్పడానికి ఎవరికీ మొహమాటం లేదు. ఇప్పుడు కూటంలో లేపితే మూడు వాక్యాల్లో ముగిస్తాను. బాగా చేస్తుందనే పేరు పోయింది, హాయిగా ఉంది.

మా ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఒకటి దీనికి కలుస్తుంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. అన్నం దొరికినచోట బాప్తిస్మం అడిగేవాళ్లూ పెరిగారు. బియ్యం కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అది ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా నాయనమ్మకి ఆ అంకె అంటే గర్వం. నా ఆలోచన ఎప్పుడూ ఆ ఆపిన నెలలమీదే. ఆయన జాగ్రత్త ఆయనకి సరైనదే. కానీ ఆ వరసలో నేనుంటే బియ్యం కోసమే వచ్చుండేదాన్ని. ప్రార్థనలో నేను నేర్చుకున్నదల్లా బియ్యం కోసం వచ్చినప్పుడు బియ్యం అనే అడగడం. అనుదినాహారం అడగమని యేసే నేర్పాడు కదా.

ఒక విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా తలకిందులైంది. కంఠత ప్రార్థన అంటే ఆ మొదటి ఏడాది నాకు చిన్నచూపు. నాన్నకి మంచినీళ్లు అడగడానికి మాట వచ్చేది కాదు. నా పేరు పిలవబోతే ఇంకేదో శబ్దం వచ్చేది. కానీ మేం "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెడితే వెనకాలే అందుకునేవాడు, ముద్దముద్దగా, మాటమాటా. మెదడులో మాటల చోటు దెబ్బతిన్నా చిన్నప్పటినుంచి వల్లెవేసినవి కొందరికి అలా మిగులుతాయని డాక్టరు చెప్పారు. అరవై ఏళ్లు వల్లెవేసిందే ఆయనకి మిగిలిన ఏకైక వాక్కు. కళ్లవెంట నీళ్లు కారుతుండగా చెప్పే ఆ మాటల్ని అరువు మాటలని ఎలా అంటాను? అందుకే, కంఠత ప్రార్థనలు వదిలెయ్యమని ఎవరికీ చెప్పను. నా సొంత మాటలు ఏదోరోజు నన్ను వదిలేస్తే నాకూ అవే దిక్కు.

ఇప్పుడు రోజూ రాత్రి ఆ ప్రార్థన చెప్పుకుంటాను, నాన్న చెప్పినంత నిదానంగా. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆయన నాలుక ఎప్పుడూ తడబడేది, ఆ 'ఋ' దాటేది కాదు. నేనూ అక్కడే ఆగుతాను. అన్నయ్య కిందటి నెల ఫోన్ చేశాడు, ఐదు నిమిషాలు మాట్లాడాం, ఎక్కువగా ఎండల గురించి. "ఈ మాట నా విషయంలో ఇంకా నిజం కాలేదు ప్రభువా" అని చెప్పి, మిగతాది పూర్తిచేసి, లైటు తీసేస్తాను.