వుంట్ ప్రయోగశాల కోసం: లైప్‌జిగ్, గ్రోస్‌బోతెన్, వ్యూర్ట్స్‌బర్గ్

విల్‌హెల్మ్ వుంట్ 1879లో మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టిన గదిని చూద్దామని లైప్‌జిగ్ వెళ్తే నిరాశ తప్పదు. పేద విద్యార్థులకు భోజనం పెట్టే కాన్విక్ట్ భవనంలో మొదలైన ఆ ప్రయోగశాల తర్వాత చోటు మారింది. ఆ కొత్త చోటూ 1943 డిసెంబరు 4 నాటి బాంబుదాడిలో ధ్వంసమైంది. ఆయన పుస్తకాలేమో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయానికి చేరాయి.

అయినా ఆగుస్టుస్‌ప్లాట్స్‌లోని విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఒక పూట ఇవ్వాలి. వుంట్ 1875లో అక్కడ చేరింది తత్త్వశాస్త్ర ఆచార్యుడిగానే. ప్రయోగ ఫలితాలు అచ్చువేయడానికి ఆయన నడిపిన పత్రిక పేరు కూడా ‘తాత్త్విక అధ్యయనాలు’. అక్కడి మెన్సాలో, అంటే విద్యార్థుల భోజనశాలలో, బయటివాళ్లూ తినొచ్చు. శాకాహారం దొరుకుతుంది, ధర మాత్రం విద్యార్థులకన్నా ఎక్కువ. ఆదివారం ఊళ్లో దుకాణాలు మూసేస్తారు, ఆ రోజు తిండి సరుకులకు ప్రధాన రైల్వే స్టేషనే దిక్కు.

బసకు కూడా స్టేషన్ చుట్టుపక్కలే మేలు. మార్చిలో పుస్తక ప్రదర్శన, పెంతెకొస్తు పండగకు గోథిక్ సంగీతోత్సవం జరుగుతాయి. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం.

వుంట్ సమాధి సూద్‌ఫ్రీడ్‌హోఫ్ శ్మశానంలో ఉంది, 15వ నంబరు ట్రామ్ వెళ్తుంది. శ్మశానం సుమారు 80 హెక్టార్లు. సమాధి ఏ విభాగంలో ఉందో ముందే రాసుకోకపోతే పూటంతా తిరగాలి.

ఆయన 1920లో కన్నుమూసిన గ్రోస్‌బోతెన్‌కు ప్రాంతీయ రైలుంది. వుంట్ ఇల్లు రోజూ తెరిచే మ్యూజియం కాదు. దాని కోసమే అయితే అంత దూరం వెళ్లొద్దు. రసాయన శాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ ఇంటి మ్యూజియం కూడా చూసేట్లయితేనే ఆ రోజు గిట్టుబాటు. ప్రాంతీయ రైళ్లకు, ట్రామ్‌లకు డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, దూరప్రాంతాలకు వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లకు చెల్లదు. అది నెలనెలా సాగే చందా. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బూ కట్టాలి.

ఉన్నది ఒక్కరోజే అయితే మా ఓటు వ్యూర్ట్స్‌బర్గ్‌కే. అక్కడి ఆడోల్ఫ్ వ్యూర్త్ మనస్తత్వశాస్త్ర చరిత్ర కేంద్రంలో పాత ప్రయోగ పరికరాలు భద్రంగా ఉన్నాయి. ముందే రాసి సమయం తీసుకుని వెళ్లాలి. హిప్ క్రోనోస్కోపు గురించి ప్రత్యేకంగా అడగండి. మనిషి ఎంత త్వరగా స్పందిస్తాడో కొలవడానికి వాడిన, సెకనులో వెయ్యో వంతు చూపే గడియారం అది. లోపలి చక్రాలు ముందే తిరుగుతుంటాయి, విద్యుదయస్కాంతం లాగితేనో వదిలితేనో ముళ్లు వాటికి తగులుకుంటాయి. చిక్కంతా ఆ అయస్కాంతంతోనే. కరెంటు బలం మారినా, లోపల కొంత అయస్కాంతత్వం మిగిలిపోయినా ముల్లు ఆలస్యంగా కదులుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే, పడే కాలం కచ్చితంగా తెలిసిన సుత్తిని జారవిడిచి గడియారాన్ని సరిచూసుకునేవారు.

ఈ ఊరికి రావడానికి ఇంకో కారణం ఉంది. మనసులో ఏ బొమ్మా లేకుండానే ఆలోచన సాగుతుందని ఇక్కడ మనస్తత్వ శాస్త్రవేత్త క్యుల్పె శిష్యులు వాదించారు. వాళ్లలో ఒకడైన బ్యూలర్ ప్రయోగాలు అసలు ప్రయోగాలే కావని 1907లో వుంట్ ఖండించాడు. మనస్తత్వశాస్త్రం తత్త్వశాస్త్రంతో కలిసి ఉండాలా అన్న గొడవా అప్పట్లో ఉండేది. 1912లో మార్బుర్గ్‌లో తత్త్వవేత్త కోహెన్ ఆచార్య పీఠాన్ని ప్రయోగాలు చేసే మనస్తత్వ శాస్త్రవేత్త (ప్రయోగవాది) యెన్ష్‌కి ఇచ్చారు. తత్త్వశాస్త్ర పీఠాలు ప్రయోగవాదులకు ఇవ్వొద్దని మరుసటి ఏడాది 107 మంది అధ్యాపకులు సంతకాలు చేశారు. అప్పుడు ఆ రెండు శాస్త్రాలకూ వేరుకాపురం వద్దని చిన్న పుస్తకం రాసింది ప్రయోగశాల పెట్టిన వుంటే.